ఉడుము ఎటు నుంచి వచ్చింది?

హైదరాబాద్‌లోని సైఫాబాద్ ప్యాలెస్‌ది ఉడుము కథ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1888లో కట్టించుకున్న ఆ మహల్‌ను చూడబోతుంటే దారికి అడ్డంగా ఉడుము పోయిందట. అపశకునమని నవాబు అటునుంచి అటే తిరిగి తాళం వేయించాడట. నిజమేనని చెప్పేవాళ్లున్నారు, మహల్ మీద కన్నేసిన దర్బారీలే ఉడుమును వదిలారనేవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, మహల్ కాస్తా సర్కారీ దఫ్తర్ అయింది. దఫ్తర్ సచివాలయమైంది. చివరికి జీ బ్లాక్ అనే ఒంటి అక్షరంగా మిగిలింది.

132 ఏళ్లకు మళ్లీ ఉడుము అడ్డం వచ్చింది. కాగితం మీద దాని పేరు అగ్నిప్రమాదాల భయం, ఇరుకు, పార్కింగ్. ఊరి నోట మాత్రం దాని పేరు వాస్తు. శకునానికి జడిసిన నవాబు తాళంతో సరిపెట్టాడు. మనం ఓట్లేసి గెలిపించుకున్న సర్కారు కొత్త సచివాలయం కడతామని జేసీబీలను తోలింది. 2020 జూలై 7న, కరోనాకు జడిసి జనం ఇండ్లల్లో ఉన్న రోజుల్లో, చుట్టూ రోడ్లు మూసి, విలేకరులను దగ్గరికి రానీయకుండా కూల్చడం మొదలుపెట్టారు. మంచి పని చేసేవాడు రోడ్డెందుకు మూస్తాడు? ఆ దుమ్ములో ఒక పోచమ్మ గుడి, రెండు మసీదులు కూడా దెబ్బతిన్నాయి. మళ్లీ కట్టిస్తామన్నారు, కట్టించారు. జీ బ్లాక్‌ను మళ్లీ కట్టిస్తామని ఎవరూ అనలేదు, అనలేరు కూడా.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. చిన్నప్పుడు మా నాయన వెంట ఒక దరఖాస్తు పట్టుకుని రాత్రి బస్సులో పోయాను. పని కాలేదు. మధ్యాహ్నం ఆ పాత మహల్ నీడన కూర్చుని జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం విప్పుకున్నాం. నాయన మేస్త్రీ. ఏ గోడ కనపడినా వేలు మడిచి కొట్టి చూసే అలవాటు. ఆ గోడనూ కొట్టి, చెవి పెట్టి, "ఇది సిమెంటు గాదురా, డంగు సున్నం. దీని మీద గడ్డపార ఏస్తే గడ్డపారే వంగుతది" అన్నడు. అరచెయ్యి ఆనిస్తే ఎండాకాలంలోనూ చల్లగా తగిలింది. పైన గూళ్లల్లో పావురాలు. దరఖాస్తు సంగతి మరిచిపోయాను గానీ ఆ చల్లదనం ఇంకా చేతికి ఉంది.

"నిజాం మహల్ కోసం ఏడుస్తున్నావా, మన రక్తం తాగినోడు కదా" అని కొందరు దబాయిస్తారు. ఆ మాట నాతోనా? గోండు వీరుడు కొమురం భీమ్‌ను 1940లో జోడేఘాట్‌లో కాల్చి చంపింది నిజాం సర్కారే. ఆ తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను మా ఆదిలాబాద్ అడవికి పంపిందీ ఆ సర్కారే. గోండుల పొలం ఎవరిది, అడవి ఎవరిది అని రాసిన కలాలు హైదరాబాద్ దఫ్తర్లవే. కోపం పడే హక్కు ఎవరికైనా ఉంటే మొదట మాకుంది. అందుకే చెబుతున్నా, ఆ గోడలు నిజాం సొత్తు కాదు, మా కేసులో సాక్ష్యం. సాక్ష్యాన్ని మాయం చేసినవాడు బాధితుడి పక్షం ఎట్లా అవుతాడు?

స్థలం లేదా అంటే, ఉన్నది 25 ఎకరాలకు పైగా. మిగతా బ్లాకులు నిన్నమొన్నటివి, కొన్నింటికి 20 ఏళ్లయినా నిండలేదు. వాటిని కూల్చడమే దుబారా. పోనీ అనుకున్నా, ఆ మూలనున్న ఒక్క మహల్‌ను బాగుచేసి పక్కన ఎంత పెద్ద ఆఫీసు కట్టుకున్నా ఎవరు కాదన్నారు? 2023 ఏప్రిల్ 30న ప్రారంభించిన కొత్త సచివాలయం చూడండి. 265 అడుగుల ఎత్తు. గుమాస్తాలు కూర్చునే అంతస్తులు ఆరే. మిగిలిన ఎత్తంతా గుమ్మటాల డాబు. అసలు పాతదాన్ని నేలమట్టం చేసి పాతదిలా కనపడే గుమ్మటాలు పోశారు! పెళ్లికొచ్చిన ముసలమ్మను గెంటేసి గోడకు ముసలమ్మ బొమ్మ తగిలించినట్టు. దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ మహానుభావుడికి దండం. పేరు గొప్పదని చేసిన పని గొప్పదైపోదు.

ఇదేదో ఒక్కరోజు ఆవేశం కూడా కాదు. హైదరాబాద్ వారసత్వ కట్టడాలకు కంచెగా ఉన్న 13వ నిబంధనను 2015లోనే పీకేశారు. 2017లో సొంతంగా వారసత్వ చట్టం చేసుకున్నారు. 2019లో కొత్త అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్‌ను కూలుస్తామన్నారు. దాన్ని ఆ సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఎర్రమంజిల్ నిలబడింది. సచివాలయం కేసులో కోర్టు చివరికి అడ్డు చెప్పలేదు, జీ బ్లాక్ పోయింది. న్యూయార్క్‌లో 1963లో పెన్ రైల్వే స్టేషన్‌ను కూల్చడం మొదలుపెట్టి, ఆ చోట ఆటల అరీనా, ఆఫీసు టవర్ లేపారు. సిగ్గుపడి 1965లో ఆ నగరం చారిత్రక కట్టడాల చట్టం తెచ్చుకుంది. వాళ్లు కూల్చాక చట్టం చేశారు. మనం చట్టం చేసి కూల్చాం.

ఇప్పుడు జిల్లాల్లోనూ అదే గాలి. కొత్త కలెక్టరేట్లు ఊరి బయట తళతళలాడుతున్నాయి. ఊరి నడుమ మంగళూరు పెంకు, టేకు దూలాలున్న పాత బంగ్లా కనిపిస్తే చాలు, ఎవరో వచ్చి కొలతలు తీసుకుంటారు. కొన్నాళ్లకు గోడకు 'శిథిల భవనం, దగ్గరకు రాకూడదు' అని ఎర్రరంగుతో రాస్తారు. దాని పైకప్పు సంగతి ఇరవై ఏళ్లుగా ఎవడూ పట్టించుకోడు. పెంకు జారిన మరునాడే ఫొటో తీస్తారు.

మా ఊళ్లోనూ అటువంటి బంగ్లా ఒకటి ఉంది. టేపు పట్టుకుని వస్తారని తెలుసు. వచ్చిన రోజు మా నాయన చేసినట్టే ముందు గోడను వేలితో కొట్టి చూడమంటాను. ఆ మీదట కాగితం చూపిస్తే, ఈసారి ఉడుము ఎటు నుంచి వచ్చిందయ్యా అని అడుగుతాను.