కర్నూలు లేజర్ వెనుక కెంపు కథ

2025 ఏప్రిల్ 13న కర్నూలు సమీపంలో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది. ఈ ఆయుధాన్ని రూపొందించింది ఆ సంస్థకే చెందిన హైదరాబాద్ ప్రయోగశాల 'చెస్'. తెలుగువారు గర్వించదగ్గ విషయమే. అయితే లేజర్ పుట్టింది ఆయుధం కోసం సాగిన పరిశోధనలో కాదు.

లేజర్‌కు కెంపు పనికిరాదని అప్పట్లో నిపుణులు తేల్చేశారు. థియోడర్ మైమన్ స్వయంగా కొలిచి, ఆ లెక్క తప్పని గ్రహించారు. 1960 మే 16న కాలిఫోర్నియాలో ఫ్లాష్ దీపంతో కెంపు కడ్డీ నుంచి తొలి లేజర్ కాంతి రప్పించారు. ఆయన వ్యాసాన్ని ఒక ప్రముఖ పత్రిక తిరస్కరించగా 'నేచర్' ప్రచురించింది. 1964లో ఈ రంగానికి వచ్చిన నోబెల్ ముగ్గురికి దక్కింది; ఆయనకు దక్కలేదు.

సిద్ధమైన ఆయుధానికి నిధులు సులువుగా వస్తాయి. ఫలితం తెలియని పరిశోధనకే కష్టం. మన పిల్లలు ఫిజిక్స్ చదువుతామంటే 'ఏం లాభం?' అని అడిగే ముందు ఇది గుర్తుంచుకోవాలి.