ఓడినవాళ్లు లేని పోటీ

తొండియార్‌పేటలో కుమ్మాలమ్మన్ కోయిల్ వీధి నుంచి చీలిన ఒక సందులో ఓ తెలుగు మాస్టారు ఉంటారు. సంక్రాంతికి వారం ముందు ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రా నాయనా, నిన్ను ఒక మాట అడగాలి" అన్నారు. వెళ్లేసరికి ముందుగదిలో బల్ల మీద బ్యాంకు కవరు ఉంది. దాని పక్కన ఫోను. అందులో ఒక సందేశం. మీ వెబ్‌సైటు ఈ ఏడాది జాతీయస్థాయి ఉత్తమ విద్యా వెబ్‌సైటుగా ఎంపికైంది, అభినందనలు అని మొదలైంది. జ్ఞాపిక, ప్రశంసాపత్రం, శాలువా, సినీ ప్రముఖుల చేతుల మీదుగా సత్కారం, ఫోటో, భోజనం అన్నీ కలిపి 18,000 రూపాయలు, జీఎస్టీ అదనం, మూడు రోజుల్లో కట్టాలి అని ముగిసింది. కవరులో ఉన్నది ఆ నెల పింఛను.

"కట్టమంటావా?" అన్నారు.

వద్దన్నాను. వద్దనడం తేలికే. వెంటనే ఆయన అడిగిన రెండో ప్రశ్నకు మాత్రం ఆ పూట నా దగ్గర జవాబు లేదు. "మరి దేనికి పెట్టుకోమంటావు? నా సైటు బాగుందని నువ్వంటావు, మా ఆవిడ అంటుంది. నా ముఖం కూడా తెలియనివాడు ఒకడు చూసి బాగుందంటే వినాలని నాకుండదా?"

ఉంటుంది. ఉండాలి. పని చేసుకుంటూ పోతే చాలు, గుర్తింపు కోసం చూడకూడదని చెప్పేవాళ్ల మాట నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు. ఒంటరిగా, జీతం లేకుండా, ఏళ్ల తరబడి ఒక సైటును పోషించే మనిషికి బయటి నుంచి ఒక్క మంచిమాట అందితే అది మరో రెండేళ్లకు సరిపడే బలం. పైగా గుర్తింపు ఉన్న సైటును బడివాళ్లు నమ్ముతారు. ఎవరైనా నాలుగు రూపాయలు సాయం చేద్దామనుకుంటే ఆ చెయ్యి కూడా వెనక్కి పోదు. కాబట్టి మాస్టారి ప్రశ్న న్యాయమైనదే. ఈ వారం శీర్షిక ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

ముందు ఆయన సైటు గురించి చెప్పాలి. తెలుగు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, చిన్నచిన్న కథలు, ప్రతి పాఠానికీ ఆయన గొంతు. తిరువొత్తియూర్ హైరోడ్డు మీద హార్బరుకు పోయే కంటైనర్ లారీల హారన్లు పడకుండా తెల్లవారుజామున లేచి, కిటికీకి దుప్పటి కట్టి, మైకుకు చేతిరుమాలు చుట్టి రికార్డు చేస్తారు. ఒక్క 'ళ' కోసం పదకొండు సార్లు చెప్పుకున్నారట. పాఠాల చివర సందులోని పెద్దవాళ్ల మాటలు కూడా ఉంటాయి. "ఏం చేస్తా ఉండావు", "ఇంట్లోనే ఉండా" అనే మన చెన్నపట్నం తెలుగును తప్పుపట్టకుండా, దిద్దకుండా, ఉన్నదున్నట్టు పెట్టారు. పుస్తకంలో దొరకని తెలుగు అది. ఆ ముసలమ్మలు పోతే దానికి వేరే సాక్ష్యం ఉండదు.

ఈ పని ఎవరికి కావాలో ఉత్తర చెన్నైలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. ఇక్కడ బతికే పిల్లలకు తమిళం రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం, ఇంగ్లిషు రాస్తూ పెరిగే పిల్ల తన అమ్మమ్మ ఉత్తరం చదవలేని పరిస్థితి మా వీధుల్లో మామూలైపోయింది. ఆ పిల్లకు ఇంత దూరంలో, ఫోనులో, ఉచితంగా దొరికే బడి మాస్టారి సైటు.

ఇక అవార్డుల సంగతి. వెబ్‌సైట్లకు బహుమతులివ్వడం దాదాపు వెబ్‌సైట్లంత పాతది. 1994లోనే గ్లెన్ డేవిస్ అనే ఆయన రోజుకొక మంచి సైటును ఎంచి చూపేవాడు. ఆ ఎంపికలో పడితే ఒక్కరోజులో జనం వరదలా వచ్చేవాళ్లు. అది చూసి వందలమంది తలా ఒక అవార్డు పెట్టారు. బంగారు రంగు బిళ్ల ఒకటి గీసి, నా అవార్డు నీ పేజీలో తగిలించుకో, కింద నా సైటుకు దారి పెట్టు అనేవాళ్లు. బిళ్ల తగిలించుకున్నవాడికి గౌరవం, ఇచ్చినవాడికి ఉచిత ప్రచారం. ఆ బిళ్లలన్నీ ఆ సైట్లతోపాటే పోయాయి. 1996లో మొదలైన వెబ్బీ అవార్డులు మాత్రం నిలిచాయి. అక్కడ బహుమతి అందుకునేవాళ్లు ఐదు మాటలకు మించి మాట్లాడకూడదు. మన సన్మాన సభల్లో గంటన్నర కూర్చున్నవాళ్లకు ఆ నియమం విలువ తెలుస్తుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. మాస్టారూ దాన్నే పట్టుకున్నారు. "వెబ్బీకీ డబ్బు కట్టాలటగా? వందల డాలర్లట. వాళ్లు కడితే గొప్ప, నేను కడితే తప్పా?"

డబ్బు కట్టించుకోవడం ఒక్కటే తప్పు కాదు. ఎప్పుడు, ఎవరి దగ్గర కట్టించుకుంటున్నారన్నది చూడాలి. పోటీకి వచ్చే వాళ్లందరి దగ్గరా ముందుగా ఒకే రుసుము తీసుకుని, ఆ తర్వాత చూసి, ఎక్కువమందిని కాదని కొందరిని మాత్రమే ఎంచితే అది పరీక్ష ఫీజు. పాసవుతామో లేదో తెలియకుండా కడతాం. ముందే నువ్వు గెలిచావని చెప్పి, గెలిచినవాడి దగ్గరే డబ్బడిగితే అది శాలువా ధర. మాస్టారికి వచ్చిన సందేశంలో ఎవరు చూశారో లేదు, దేన్ని బట్టి ఎంచారో లేదు. ఎంతమంది పోటీకి వచ్చారో, ఎవరు ఓడిపోయారో లేదు. ఓడినవాళ్లు లేని పోటీలో గెలుపు ఎక్కడినుంచి వస్తుంది?

మన వాళ్లకు ఇది తెలియని విషయం కాదు. శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగిందని ప్రతి తెలుగు పిల్లవాడూ విన్నాడు. ఆ కథలో మనకు గుర్తుండిపోయింది బంగారం, కానీ కథకు ప్రాణం గౌడ డిండిమభట్టు. ప్రౌఢదేవరాయల కొలువులో ఎదురుగా అంతటి పండితుడు కూర్చున్నాడు, వాదం జరిగింది, విన్నవాళ్లకు విద్య తెలుసు, ఓడితే పరువు పోతుంది. గెలిచాక డిండిముడి కంచు ఢక్క పగిలింది. ఆ ఢక్క పగలకపోతే ఆ బంగారు నాణేలకు విలువే లేదు.

మాస్టారికి పనికొచ్చేవి ఏమున్నాయా అని వెతికితే కొన్ని దారులు కనిపించాయి. కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వ సైట్ల కోసం వెబ్ రత్న పేరుతో పురస్కారాలు పెట్టింది. తర్వాత అవే డిజిటల్ ఇండియా అవార్డులయ్యాయి. వాటికి మాస్టారు అర్హులు కారు. కానీ ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెబుతూ 2009లో వెలువడిన మార్గదర్శకాలు ఎవరైనా చదువుకోవచ్చు. భాష స్పష్టంగా ఉందా, చివరిసారి ఎప్పుడు మార్చారో రాశారా, చూపు లేనివాళ్లు వాడగలరా అన్నవన్నీ ప్రశ్నపత్రంలా ఉంటాయి. మన దేశంలో స్థానికంగా జరిగే డిజిటల్ కృషి కోసం 2004లో మంథన్ పురస్కారం మొదలైంది. జెనీవాలో 2003లో జరిగిన ఐక్యరాజ్యసమితి సమాచార సమాజ శిఖరాగ్ర సదస్సు వెంట వరల్డ్ సమ్మిట్ అవార్డ్స్ పుట్టాయి. అందులో సమాజానికి ఏం ఉపయోగమన్నది మొదటి ప్రశ్న. వికలాంగులకు అనువైన రూపకల్పనకు ఎన్‌సీపీఈడీపీ సంస్థ 2010 నుంచి యూనివర్సల్ డిజైన్ అవార్డులు ఇస్తోంది.

ఈ చివరిదాని గురించి చదివాకే మాస్టారి ఇంటికి ఒక కుర్రవాణ్ణి తీసుకెళ్లాను. పుట్టుకతో చూపు లేదు. రాయపురంలో ఉంటాడు, పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ఫోను తెరను చదివి వినిపించే సౌకర్యంతోనే అతని చదువంతా. మాస్టారు సంబరంగా సైటు పేరు చెప్పారు. కుర్రవాడు తెరిచి, వేలితో తెర మీద రాసుకుంటూ పోయాడు. ఫోను పలికింది: ఇమేజ్. ఇంకాస్త కిందికి. ఇమేజ్. మళ్లీ ఇమేజ్. అన్ని పాఠాలూ అంతే. మాస్టారు బడిలో ఉన్నప్పుడు డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టించి, అచ్చువేయించి, ఆ కాగితాలను స్కాన్ చేసి పెట్టారు. కంటికి అందంగా ఉన్నాయి. ఫోనుకు మాత్రం అవి అక్షరాలు కావు, బొమ్మలు. గూగుల్‌కూ బొమ్మలే. అందుకే ఎవరు వెతికినా ఆ సైటు దొరకడంలేదు.

"సార్, మీ గొంతు బాగుంది. పాఠం మాత్రం నాకు కనబడలేదు" అన్నాడు కుర్రవాడు. తప్పుపట్టే ధోరణి కాదు, ఉన్నమాట అన్నాడు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు అక్షరాలు దిద్దించిన మనిషి. తన పేజీలో ఒక్క అక్షరమైనా అక్షరం కాదని ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాటి నుంచి టైపింగు మొదలుపెట్టారు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. పోతన, వేమన లాంటి ఫాంట్లు ఎప్పటినుంచో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోనులో తెలుగు కీబోర్డు ఉంది. అరవై రెండు పాఠాలు, రోజుకొకటి. ప్రతి బొమ్మకూ అది ఏమి బొమ్మో ఒక వాక్యం. ఆవు బొమ్మకు 'ఆవు' అని రాసి ఆగలేదాయన, 'దూడను నాకుతున్న తెల్ల ఆవు' అని రాశారు. చూపు లేని పిల్లవాడికి ఆ దూడ కూడా అందాలి కదా అన్నారు.

నాకు జవాబు దొరికింది అక్కడే. పెట్టుకోదగ్గ అవార్డు ఏదంటే, దాని షరతులకు తగ్గట్టు తయారయ్యేలోపే మన సైటు మునుపటికన్నా మంచి సైటు అయ్యేది. ఓడిపోయినా ఆ అరవై రెండు పాఠాలు వెనక్కి పోవు. 18,000 కట్టి శాలువా కప్పుకుని ఉంటే సైటులో ఒక్క బొమ్మ కూడా మారేది కాదు.

తోటివాళ్లు ఇచ్చే గుర్తింపు ఇంకొకటుంది. నాకు అదంటే ఎక్కువ గౌరవం. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా పదేళ్ల పండుగ చేసుకున్నప్పుడు, అందులో రాసేవాళ్లు కొమర్రాజు లక్ష్మణరావు పేరుతో పురస్కారం పెట్టుకుని తమలో బాగా పనిచేసినవాళ్లను గౌరవించుకున్నారు. అక్కడ ఎవరు ఏ పేజీలో ఏ మాట మార్చారో తేదీతో సహా ఎవరైనా చూడొచ్చు. పనే సాక్ష్యం. పేరు ఎంచుకోవడంలో కూడా ఔచిత్యం ఉంది. లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, అకారం దాటకుండానే 1923లో మన చెన్నపట్నంలోనే కన్నుమూశారు. ఆయన వదిలిన పనిని వేరే రూపంలో ఎత్తుకున్నవాళ్లు ఆయన పేరునే బహుమతిగా పంచుకున్నారు.

ఇదే ఊళ్లో 1999లో తమిళ కంప్యూటింగ్ సదస్సు జరిగి అందరికీ ఒకే కీబోర్డు అమరికను తేల్చింది. 2013 నుంచి తమిళ సాఫ్ట్‌వేరుకు ముఖ్యమంత్రి పేరిట పురస్కారం ఉంది. తమ భాషకు కంప్యూటరులో పనిచేసినవాణ్ణి కవితో సమానంగా కూర్చోబెట్టడం చూసి నాకు ముచ్చటేస్తుంది. ఉగాదికి, తెలుగు భాషా దినోత్సవానికి సత్కారాలు చేసే మన రెండు రాష్ట్రాల పెద్దలనూ ఒకటే కోరుతున్నాను. సరిహద్దుకు ఇవతల, తొండియార్‌పేట లాంటి చోట్ల తెలుగు సైట్లు నడిపేవాళ్లను వెతకండి. వాళ్లు దరఖాస్తు పెట్టరు. పెట్టాలని వాళ్లకు తెలియదు.

దరఖాస్తు అంటే గుర్తొచ్చింది. మా పేటకు ఆ పేరు తొండి నుంచి వచ్చిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహెబ్ వల్ల వచ్చిందని ఇక్కడ చాలామంది చెబుతారు. ఆయన 19వ శతాబ్దం మొదట్లో ఉన్నవాడు. ఈ ఊరు 1693లోనే ఎగ్మూరు, పురసవాక్కంతోపాటు ఈ పేరుతోనే కంపెనీ వాళ్ల చేతికి వచ్చింది. లెక్కప్రకారం ఊరి పేరే పాతది. అయినా జనం ఆ పేరును ఆయనకు కట్టబెట్టారు, తరాలుగా తీసేయనివ్వలేదు. అన్నీ వదులుకున్న ఫకీరుకు దరఖాస్తు లేకుండానే ఒక ఊరే దక్కింది.

పోయిన ఆదివారం మళ్లీ మాస్టారి ఇంటికి వెళ్లాను. ఒక అవార్డు దరఖాస్తు సగం రాసి ఉంది. 'మీ సైటును ఎవరు వాడుతున్నారు, ఆధారం చూపండి' అన్న చోట ఆగిపోయారు. ఆ బ్యాంకు కవరులోని డబ్బులో కొంత మంచి మైకుకు, కొంత సైటు పేరు అయిదేళ్లకు రెన్యూ చేయడానికి పోయిందట. ఆధారాల గురించి మాట్లాడుకుంటుండగా ఫోను మోగింది. రాయపురం కుర్రవాడి వాయిస్ మెసేజ్.

"సార్, పద్నాలుగో పాఠంలో 'ఋషి' దగ్గర నా ఫోను 'బుషి' అని చదువుతోంది. టైపింగులో తప్పు పడిందేమో చూడండి. మా చెల్లెలి కూతురు కూడా అలాగే నేర్చేసుకుంది."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని కీబోర్డు ముందుకు జరిగారు. దరఖాస్తు కాగితం మీద నీళ్లచెంబు పెట్టి, పద్నాలుగో పాఠం తెరిచారు.