లండన్ లెక్క, బెర్లిన్ లెక్క

"ఇంగ్లండులో ఎవరు గెలిస్తే మనకేమిటండీ, మన వీధికి చెత్తబండి సరిగ్గా వస్తే అదే పదివేలు!" అని మా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ మిత్రులు నన్ను వేళాకోళం చేస్తుంటారు. చెత్తబండి సంగతి కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. ముందు నా గోడు వినండి. మా అబ్బాయి మాంచెస్టరులో, అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మన సంఘ సభ్యుల ఇళ్లలో సగం చోట్ల ఇదే వరస. పిల్లలు ఉన్న చోట వీసా నిబంధన మారితే ఇక్కడ మనకు నిద్ర పట్టదు. ఆ నిబంధన మార్చేది అక్కడి పార్టీలే. కాబట్టి ఆ పార్టీల సంగతి మనకు కాక ఎవరికి కావాలి?

బ్రిటన్‌లో 2024 జూలై 4న జరిగిన ఎన్నికల్లో లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లు పడ్డాయి. సీట్లు మాత్రం 650లో 411! అంతకుముందు 2019లో ఇదే పార్టీ 32.1 శాతం తెచ్చుకుని 202 సీట్ల దగ్గర చతికిలబడింది. ఒకటిన్నర శాతం పెరిగేసరికి సీట్లు రెట్టింపయ్యాయి. ఇంకో వింత చూడండి. లిబరల్ డెమొక్రాట్లకు 12.2 శాతానికి 72 సీట్లు వస్తే, వాళ్లకంటే ఎక్కువగా 14.3 శాతం ఓట్లు తెచ్చుకున్న రిఫార్మ్ పార్టీకి అయిదే అయిదు. రిఫార్మ్ అంటే నాకు గిట్టదు, వలస వచ్చినవాళ్ల మీద వాళ్లు మాట్లాడే తీరు అసలే గిట్టదు. అయినా లెక్క లెక్కే కదా! నియోజకవర్గంలో ఎవరు ముందుంటే వాళ్లదే సీటు, మిగిలిన ఓట్లన్నీ గంగపాలు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు, ఇంగ్లీషువాళ్లు మనకు వదిలి వెళ్లిన ఆస్తే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి, సీట్లు 175లో 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం పైచిలుకే వచ్చాయి, సీట్లు 11. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ అసెంబ్లీలో ఓ మూల బెంచీకి సరిపోయింది. ఈ సంగతి చెబితే మా ఇంటికొచ్చే చుట్టాల్లో ఒక పార్టీవాళ్లు 2019 గురించి వాపోతారు, రెండో పార్టీవాళ్లు 2024 గురించి. రెండూ ఒకే జబ్బు అని ఒప్పుకునేవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు.

జర్మనీ లెక్క వేరు. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి తన నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. పార్టీకి పడిన ఓట్లను బట్టే పార్లమెంటులో సీట్ల పంపకం. 2025 ఫిబ్రవరి 23న జరిగిన ఎన్నికల్లో క్రిస్టియన్ డెమొక్రాట్లకు, వాళ్ల బవేరియా తోబుట్టువుకు కలిపి 28.5 శాతం, సీట్లు 630లో 208. సోషల్ డెమొక్రాట్లకు 16.4 శాతం, 120 సీట్లు. ఎవరి వాటా వాళ్లకు ఇంచుమించు తూకం వేసినట్టే వచ్చింది. మరి వలసదారులంటే మండిపడే ఏఎఫ్‌డీ పార్టీకి? 20.8 శాతం ఓట్లు, 152 సీట్లు. ధర్మకాటా అన్నాక మంచి సరుకునీ చెడ్డ సరుకునీ ఒకేలా తూస్తుంది మరి.

ఆ కాటాకూ ఓ మెలిక ఉంది. దేశం మొత్తం మీద అయిదు శాతం దాటని పార్టీకి, నేరుగా మూడు నియోజకవర్గాలైనా గెలవకపోతే, వాటా ఉండదు. 1920లలో వైమర్ రిపబ్లిక్ పార్లమెంటు చిన్నచిన్న పార్టీలతో కిక్కిరిసి, ప్రభుత్వాలు నిలవక, చివరికి హిట్లరు చేతిలో పడిన అనుభవం నుంచి పుట్టిన జాగ్రత్త ఇది. 2025లో సారా వాగెన్‌క్నెక్ట్ పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయింది. గడప దాటడానికి తక్కువైనవి పదివేల లోపు ఓట్లు, దానితో దాదాపు పాతిక లక్షల ఓట్లు చెల్లని కాసులయ్యాయి. ఆ ఓటేసినవాళ్ల కడుపుమంట మన చుట్టాలకైతే బాగా అర్థమవుతుంది.

నన్నడిగితే జర్మన్లను చూసి మనం నేర్చుకోవలసింది ఈ పంపకం కాదు, వాళ్ల రాజ్యాంగంలోని 67వ అధికరణం. పార్లమెంటు ఛాన్సలర్‌ను దింపాలంటే, ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారో కూడా అదే ఓటుతో తేల్చాలి. వద్దు అనడం ఒక్కటే చాలదు, ఎవరు కావాలో కూడా చెప్పాలి. ఈ దారిలో ప్రభుత్వం మారింది ఒక్కసారే, 1982 అక్టోబరు 1న, హెల్ముట్ ష్మిట్ పోయి హెల్ముట్ కోల్ వచ్చినప్పుడు.

ఇప్పుడు మన సంగతి తలుచుకోండి. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు లోక్‌సభ స్పీకరు కుర్చీలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. పడగొట్టిన 270 మందీ బదులుగా ఒక్క పేరు మీద కలవలేకపోయారు, దేశం మళ్లీ ఎన్నికలకు వెళ్లింది. జర్మనీ నిబంధనే ఉంటే ఆ ఓటింగుతో ప్రభుత్వం పడేదే కాదు. లా కమిషన్ కూడా ఆ ఏడాదే తన 170వ నివేదికలో ఇలాంటి నిబంధన పెట్టమని సిఫారసు చేసింది. నివేదిక బీరువాలోకి వెళ్లింది.

అంతకుముందు 1984 ఆగస్టు 16న జరిగినది ఇంకా అన్యాయం. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని అప్పుడే తిరిగి వచ్చారు. గవర్నరు రామ్‌లాల్ శాసనసభలో బలం తేల్చకుండానే ఆయన్ను తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. అప్పుడు ఎన్టీఆర్ వెంట నిలిచిన ఎమ్మెల్యేలను దాచింది మన కర్ణాటకలోనే. హెగ్డే ప్రభుత్వం అండగా నిలిచింది, నంది కొండలకు తెలుగు రాజకీయం వచ్చి కూర్చుంది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేలను దాచుకోవలసిన అగత్యం లేని ఏర్పాటు రాజ్యాంగంలోనే ఉంటే ఎంత బాగుండేది!

అలాగని జర్మన్లది రామరాజ్యం అనుకోకండి. 2025 మే 6న ఫ్రీడ్రిష్ మెర్జ్ ఛాన్సలర్ ఎన్నికకు నిలబడితే, కూటమికి 328 మంది ఉండి కూడా మొదటి విడతలో 310 ఓట్లే పడ్డాయి. కావలసినవి 316. రహస్య ఓటింగు కాబట్టి ఎవరు చెయ్యిచ్చారో తెలియలేదు. ఆ సాయంత్రానికి రెండో విడతలో 325తో గట్టెక్కారు. మనకు ఇలాంటివి కొట్టిన పిండే.

నాకు అసలు బెంగ కలిగించేది ఇంకొకటి. రెండు దేశాల్లోనూ పెద్ద పార్టీలు వలస వ్యతిరేక పార్టీలకు జడిసి వాళ్ల పాటే కాస్త మెల్లగా పాడుతున్నాయి. 2025 మేలో స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 677 కౌన్సిల్ స్థానాలు గెలుచుకుంది. ఆ నెలలోనే లేబర్ ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చి, శాశ్వత నివాసానికి మామూలుగా ఉన్న అయిదేళ్ల గడువును పదేళ్లు చేస్తామంది. కార్మికుల పార్టీ అని పేరు పెట్టుకుని, పన్ను కట్టి పనిచేసే మన పిల్లల లెక్కను మధ్యలో మార్చడం నాకు న్యాయంగా తోచదు. జర్మనీలో నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా 20 వేలుగా ఉన్న వీసాలను 90 వేలకు పెంచుతామని 2024లో ఢిల్లీ వచ్చి చెప్పారు. మరుసటి ఏడాది అక్టోబరులో మూడేళ్లకే పౌరసత్వం ఇచ్చే దారిని మూసేశారు. ఇంటికి రమ్మంటారు, వచ్చాక వీధి అరుగు మీదే కూర్చోమంటారు.

ఇక్కడే మన పిల్లల్లో చాలామందికి తెలియని మాట ఒకటి చెప్పాలి. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ పౌరులు, అంటే మన పాస్‌పోర్టు ఉన్న పిల్లలు కూడా, అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. చదువుకునే పిల్లలైనా సరే. 1949లో నెహ్రూ గారు గణతంత్రమయ్యాక కూడా కామన్వెల్త్‌లో ఉంటామన్నందుకు మిగిలిన లాభాల్లో ఇది ఒకటి. పేరు నమోదుకు పైసా ఖర్చు లేదు, పోలింగుకు వెళ్లేటప్పుడు మన పాస్‌పోర్టే గుర్తింపు కార్డుగా పనికొస్తుంది. జర్మనీలో ఆ సదుపాయం లేదు, పౌరసత్వం తీసుకుంటేనే ఓటు. తీసుకుంటే మన పాస్‌పోర్టు వదులుకోవాలి. మా అమ్మాయి ఈ సంగతి తేల్చుకోలేక సతమతమవుతోంది, నేను సలహా ఇవ్వడం మానేశాను. మనవాళ్లు కొందరు ఓటుతో ఆగలేదు. 2024లో కరీంనగర్ ప్రాంతం నుంచి వెళ్లిన ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోనూ, ఉమ్మడి గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన డాక్టర్ చంద్ర కన్నెగంటి కన్జర్వేటివ్‌ల తరఫున స్టోక్‌లోనూ నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు, అయినా రెండు పార్టీల్లోనూ తెలుగు పేరు బ్యాలెట్ కాగితానికి ఎక్కింది.

చెత్తబండి అన్నాను కదా. బెంగళూరు కార్పొరేషన్ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఆపైన అయిదేళ్లు మా లేఅవుట్‌కు ఎన్నికైన కార్పొరేటరే లేకుండా గడిచాయి. దాన్ని గట్టిగా అడగవలసిన మనవాళ్లలో ఎందరికి ఇక్కడ ఓటుంది? 2024 ఏప్రిల్ 26న బెంగళూరు దక్షిణలో పోలింగు జరిగితే మా మేడలో తెలుగు కుటుంబాలు సగానికి పైగా ఇంట్లోనే ఉన్నాయి. మే 13న అదే కుటుంబాలు బస్సు టిక్కెట్టుకు మూడింతలు పోసి కడపకూ ఒంగోలుకూ పరుగెత్తాయి. ఊరి మీద మమకారం నాకూ ఉంది. కానీ ఇరవై ఏళ్లుగా నీళ్ల ట్యాంకరు తెప్పించుకుంటున్నది ఇక్కడ. మా ఇంట్లో నాలుగు ఓట్లూ ఎప్పుడో బొమ్మనహళ్లి నియోజకవర్గానికి మార్పించాను, మా ఆవిడ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

మాంచెస్టరు వాడు మాత్రం నేను చెప్పిన వారానికే అక్కడ పేరు నమోదు చేయించుకున్నాడు. ఏ పార్టీకి వేస్తావురా అంటే, "రహస్య ఓటింగు కదా నాన్నా!" అని ఫోను పెట్టేశాడు.