అద్దెకు గిరిజన వేషం

అరకు వెళ్లొచ్చిన మన స్నేహితురాళ్ల ఫోటోలు చూడండి. భుజం మీద ముడేసిన చీర, మెడనిండా పూసలు, కొప్పులో పువ్వులు. డబ్బు కడితే కాసేపు ‘గిరిజన స్త్రీ’ అయిపోవచ్చు!

తప్పేముంది, క్యోటోలో కిమోనోలు అద్దెకివ్వడం లేదా అంటారు. ఇస్తారు. కానీ జపాన్‌లో కిమోనో గౌరవానికి గుర్తు. పెళ్లికీ, ఇరవయ్యేళ్లు నిండిన వేడుకకీ అక్కడి ఆడవాళ్లే అద్దెకు తెచ్చుకుంటారు. మరి ఏజెన్సీ స్త్రీ మోకాళ్ల దాకా కట్టిన ఆ చీరతోనే విశాఖ బస్సెక్కితే పక్కసీటు ఎందుకు ఖాళీగా ఉంటుంది?

వేషం కావాలి, మనిషి మాట అక్కర్లేదు. అరకు ఉన్న జిల్లాలోనే వాకపల్లి ఉంది. గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో అక్కడి 11 మంది కోందు స్త్రీలు బయటికొచ్చి చెప్పారు. కోర్టులో విచారణ మొదలవడానికే పదేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తనే అని, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. నేరం రుజువు కాలేదట, పరిహారం మాత్రం ఇవ్వాలట!

ఈసారి ఆ చీరలో ఫోటో పంపిన స్నేహితురాలికి ‘ఎంత బావున్నావో’ అని రాయకండి. వాకపల్లి ఎక్కడుందో తెలుసా అని అడగండి.