గ్లాసులో ఏముందో చెప్పండి

పోయిన వేసవిలో అమ్మను వెంటబెట్టుకుని న్యూజెర్సీలో మా చెల్లెలి సీమంతానికి వెళ్లాను. అక్కడ సీమంతమంటే సాయంత్రం పేరంటం కాదు, ఆదివారం పదకొండింటికి ‘బ్రంచ్’. అటు ఫలహారమూ కాదు, ఇటు భోజనమూ కాదు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లిష్ రచయిత ఈ మాట వాడుతూ, శనివారం రాత్రి తాగి ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్లకు ఇది హాయి అని వాదించాడు. పుట్టుకతో వచ్చిన ఆ బుద్ధి బ్రంచ్‌కి ఇంకా పోలేదని ఆ రోజే నాకు తెలిసింది.

చెల్లెలి స్నేహితురాళ్లు ఎంత ప్రేమగా చేశారో చెప్పలేను. పులిహోర, పెసరట్లు, గాజుల పళ్లెం. పక్కనే రెండు జగ్గులు. రెండింట్లోనూ నారింజ రంగే. ఒకదాంట్లో ఉత్త నారింజ రసం. రెండోది ‘మిమోసా’, అంటే సగం నారింజ రసం, సగం నురగలెత్తే వైను. ఎవరో పెద్దావిడ, పాపం తెలియక, రెండో జగ్గులోంచి గ్లాసు నింపి కడుపుతో ఉన్న పిల్లకు అందించింది. పెదవి దాకా వెళ్లాక, దాన్ని కలిపిన అమ్మాయి చూసి కేకేసింది. నా గుండె ఆగినంత పనయింది.

ఆ కంగారులో అటు తిరిగితే అమ్మ నిమ్మ ఐసు తింటోంది. “బావుందే, కాస్త వగరుగా ఉందంతే” అంది. అది వెనిస్ వాళ్ల ‘స్గ్రొపీనో’. నిమ్మ సోర్బెట్‌లో ప్రొసెక్కో అనే వైను, ఒక్కోసారి వోడ్కా కూడా పోసి గిలకొడతారు. సంగతి తెలిశాక అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. కప్పు కింద పెట్టి, “అడిగితే వద్దనేదాన్ని కదే. అడగలేదేం?” అంది నాతో. ఆ రాత్రంతా ఆ మాటే నన్ను పొడిచింది.

“జ్యూసే కదా ఆంటీ, ఐసే కదా” అని ఒకరిద్దరు తేలిగ్గా తీసేశారు. లెక్క చూద్దాం. అలాంటి వైనులో ఆల్కహాలు 11, 12 శాతం ఉంటుంది. సగానికి సగం రసం కలిపితే దాదాపు 6 శాతం. మామూలు బీరులో ఉండేది సుమారు 5 శాతం. బీరు గ్లాసు చేతికిచ్చి “జ్యూసే కదా” అనగలమా? ఇక ఐసులో పోస్తే మందు ఎగిరిపోతుందనుకుంటారు. పోదు. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి, ఆల్కహాలుకి మైనస్ 114 కావాలి. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. మందు పోసిన ఐసు గట్టిపడక మెత్తగా ఉండేది అందుకే. పైగా చల్లదనం, తీపి, పులుపు మూడూ కలిసి దాని రుచిని దాచేస్తాయి. అలవాటు లేని అమ్మలాంటివాళ్లకు అసలే తెలియదు.

గర్భిణికి ఇంతవరకైతే ఫర్వాలేదు అని తేలిన మోతాదంటూ ఏదీ లేదు. అందుకే అమెరికాలో 1988లో చట్టం చేసి, 1989 నుంచి మద్యం సీసాల మీద గర్భిణులకు హెచ్చరిక అచ్చువేయిస్తున్నారు. జగ్గులోకి వంపాక సీసా చెత్తబుట్టలోకి పోయింది. హెచ్చరికా దాంతోపాటే పోయింది. జగ్గు మీద రాయాల్సింది సర్కారు కాదు, విందు పెట్టినవాళ్లు.

తాగేవాళ్ల మీద నేను కత్తి కట్టానని అనుకోకండి. మగవాళ్లు తాగితే సరదా, ఆడవాళ్లు తాగితే పరువు తక్కువ అనే తూకం నాకూ నచ్చదు. నా గొడవల్లా ఒక్కటే. తాగుతాననే హక్కు ఎంతుందో, వద్దనే హక్కూ అంతే ఉంది. చెప్పకుండా పోస్తే ఆ హక్కు లాక్కున్నట్టే.

అసలు నిమ్మ ఐసుకి మందెందుకు? సిసిలీలో వేసవి పొద్దున్నే బన్నులాంటి బ్రియోష్ నంజుకుని నిమ్మ గ్రానీటా తింటారు. ఒకప్పుడు ఎట్నా కొండ మీది మంచు తెచ్చి చేసేవారు. అందులో ఉండేది నీళ్లు, పంచదార, నిమ్మరసం, అంతే. మనింట్లోనూ చేసుకోవచ్చు. అరలీటరు నీళ్లలో ముప్పావు కప్పు పంచదార కరిగించి, చల్లారాక ఆరు నిమ్మకాయల రసం పిండండి. వెడల్పాటి గిన్నెలో పోసి ఫ్రీజర్లో పెట్టి, అరగంటకోసారి ఫోర్కుతో గీకండి. రెండు మూడు గంటల్లో పలుకులు పలుకులుగా తయారవుతుంది. నురగ ముచ్చట ఉంటే పైన కాస్త సోడా పోయండి. బత్తాయితో చేస్తే మాత్రం రసం తీసిన వెంటనే వాడాలి, నిలవుంటే చేదెక్కుతుంది.

మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసి చెల్లెలితో ఏడ్చినంత పని చేసింది. తప్పు ఆమె మనసుది కాదు, ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదంతే.

నేను తిరిగొచ్చాను, పురిటికి అమ్మ అక్కడే ఉంది. బారసాల నాడు అమ్మ ఫోన్లో చెప్పింది. మళ్లీ రెండు జగ్గులు పెట్టారట. ఒకదానికి ఎర్ర రిబ్బను కట్టి, ‘ఇందులో వైను ఉంది’ అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చీటీ అతికించారట.

“మరి నువ్వేం తాగావమ్మా?” అన్నాను.

“చదువుకుని, రెండోదే తాగాను” అంది నవ్వుతూ.