హోటలుకు పంపే మెసేజ్ మీ ఫోన్‌లో ఉందా?

క్యాంపులో నలభై మందికి రాత్రి పార్సిళ్ళు కావాలంటే నలభై మందీ హోటలుకు వెళ్ళరు. ఒకరి ఫోన్ నుంచి ఒక మెసేజ్ వెళ్తుంది. ఆ ఒకరు చాలాచోట్ల సూపర్‌వైజరో, మాలాంటి ఆఫీసు గుమాస్తానో అయి ఉంటారు. చిక్కంతా నెలాఖరున భోజనాల లెక్క జీతంలో కోసేటప్పుడు వస్తుంది. "ఆ నాలుగు రోజులూ నాది నైట్ షిఫ్టు, నేను తినలేదు" అని ఒకరంటారు. "మనిషికొకటి చొప్పున ఆర్డరు వెళ్ళింది" అని ఆఫీసు అంటుంది. ఏది నిజమో తేల్చే మెసేజ్ మాత్రం డబ్బు కట్టేవాడి దగ్గర ఉండదు. మధ్యవాడి ఫోన్‌లో ఉంటుంది. అతను ఫోన్ మార్చినా, ఊరెళ్ళిపోయినా అదీ దొరకదు.

ఆ లెక్కలు రాసే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం కాబట్టే చెబుతున్నాం. మీ అన్నం ఆర్డరు మా చేతిలో పెట్టకండి. మీ గది నుంచి మీరే పంపండి. అదీ హోటలులో పనిచేసే కుర్రాడికి అర్థమయ్యేలా పంపండి.

ఇది కొత్త సమస్య కాదు. యాంగోన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి లక్షల మంది మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు. కోరంగి రేవు పేరు మీదనే వాళ్ళను ఇక్కడ కోరంగీలు అని పిలిచేవారు. ఓడరేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ వాళ్ళను పనికి కుదిర్చింది మేస్త్రీలు. ఓడ ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రీ, కూలి పంచేది మేస్త్రీ, బాకీ పట్టుకునేది కూడా మేస్త్రీయే. 1941లో వెలువడిన బాక్స్‌టర్ నివేదికలో కూడా ఈ మేస్త్రీ పద్ధతి గురించి ఉంది. చదువు రాని కూలీకి తన లెక్క తన చేతిలో ఉండేది కాదు. ఈనాడు మన జేబులో ఫోన్ ఉంది. అయినా లెక్క ఇంకొకరి చేతిలోనే ఉంటే మనకూ మన తాతలకూ తేడా ఏమిటి?

పైగా ఆ ఫోన్ మనదాకా రావడానికి చాలా కాలం పట్టింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈ దేశంలో ఒక సిమ్ కార్డు ధర వెయ్యి డాలర్లు దాటి ఉండేది. 2014లో రెండు విదేశీ కంపెనీలు వచ్చాకే 1,500 చాట్‌లకు సిమ్ దొరికింది. ఒకప్పుడు షావుకార్లకే అందిన వస్తువు ఇప్పుడు టీ కొట్టు కుర్రాడి దాకా వచ్చింది. దాన్ని పాటలు వినడానికే వాడుకుంటే నష్టం మనకే.

"గదికొకరు మెసేజ్‌లు పెడితే హోటలువాడు ఒప్పుకుంటాడా?" అని మీరు అడగవచ్చు. మనిషికొకటి పెడితే ఒప్పుకోడు, నిజమే. గదికి ఒకటి చాలు. ఎనిమిది మంది ఉన్న గదిలో వారానికి ఒకరు వంతు తీసుకోవాలి. హోటలుకు పంపిన మెసేజ్‌నే గదిలో మిగతా ఏడుగురికీ పంపాలి. నెలాఖరుకు ఎనిమిది ఫోన్లలో ఒకే లెక్క ఉంటుంది. దాన్ని కాదనడం ఎవరి తరమూ కాదు.

ఇక అవతలి మనిషి సంగతి. యాంగోన్ టీ కొట్లలో బల్లల మధ్య పరుగెత్తే పిల్లలను చూస్తూనే ఉన్నారు. వాళ్ళూ మనలాగే వలస వచ్చినవాళ్ళు. పల్లెల నుంచి వచ్చి, చాలామంది కొట్టులోనే తిని కొట్టులోనే పడుకుంటారు. బడి మధ్యలో మానేసిన పిల్లలే ఎక్కువ. పనివేళల్లో వాళ్ళ చేతిలో ఫోన్ ఉండదు. ఫోన్ కౌంటర్ మీద ఉంటుంది. మన మెసేజ్ చూసిన యజమాని నోటితో చెబితే కుర్రాడు పార్సిలు కడతాడు. మెసేజ్ అడ్డదిడ్డంగా ఉంటే తప్పు వాడి నెత్తిన పడుతుంది. తిరిగొచ్చిన పార్సిలు ఖర్చు కుర్రాడి జీతంలో కోసే యజమానులూ ఉన్నారు. మన జీతంలో కోత పడితే ఎంత మండుతుందో మనకు తెలుసు.

కాబట్టి మెసేజ్‌లో కథ రాయవద్దు. గది నంబరు, ఎన్ని, ఏమిటి, ఎన్ని గంటలకు. ఈ నాలుగూ చాలు. సంఖ్యలు అక్షరాల్లో కాక అంకెల్లో వేయండి. బర్మా అంకెలు వేరే ఉన్నాయి, బిల్లుల మీద తరచు అవే కనిపిస్తాయి. ఉన్నవి పది. ఒక్క ఆదివారం కూర్చుంటే వచ్చేస్తాయి. బిల్లు చదవడానికైనా అవి రావాలి.

మాంసం పేర్లు మరీ ముఖ్యం. పంది మాంసం "వెత్ తా", గొడ్డు మాంసం "అమే తా". మనలో ఒకటి తిననివారూ ఉన్నారు, రెండోది తిననివారూ ఉన్నారు. కోడి మాంసం "చెత్ తా". మన చెత్తకు దానికి సంబంధం లేదు, నవ్వుకోవచ్చు గానీ మరిచిపోవద్దు. శాకాహారానికి వాళ్ళ మాట "తెత్ తత్ లుత్", అంటే ప్రాణం తీయనిది అని అర్థం. "కూర మాత్రమే" అని రాస్తే చేప ముద్ద కలిపిన కూర వచ్చే వీలుంది. ఈ మాట రాస్తే రాదు.

జవాబు రానిదే ఆర్డరు అందినట్టు లెక్కవేయకండి. బర్మావాళ్ళు సరే అనడానికి "హొక్ కే" అంటారు. అయితే ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. మన మొహమాటం లాంటిది వాళ్ళకూ ఉంది, దాన్ని "ఆనా దే" అంటారు. అర్థం కాలేదని చెబితే ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని సరే అనేవాళ్ళు ఉంటారు. అందుకని ఎన్ని పార్సిళ్ళో అంకె తిరిగి పంపమని అడగండి. అంకె కలిస్తే ఇద్దరూ నిశ్చింతగా ఉండవచ్చు.

అక్షరాల గొడవ కూడా ఒకటుంది. ఈ దేశంలో చాలాకాలం జాజీ అనే ఫాంట్ ఒక దారి, యూనికోడ్ ఒక దారిగా నడిచాయి. ఒకదాంట్లో రాసింది ఇంకొకదాంట్లో చదవడానికి వచ్చేది కాదు. 2019 అక్టోబరు 1న ప్రభుత్వం యూనికోడ్‌కు మారింది. అయినా పాత ఫోన్లు ఉన్నచోట అనుమానం తప్పదు. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగులో గానీ బర్మా లిపిలో గానీ రాస్తే 70 మాత్రమే. గుణింతాలు కూడా లెక్కలోకే వస్తాయి. "రెండు" అనే చిన్న మాటే ఐదు తింటుంది. 70 దాటితే ఒక మెసేజ్ రెండవుతుంది, ఖర్చూ రెండవుతుంది. బర్మా మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పక్కన అంకె వేయడం అన్నిటికన్నా క్షేమం.

వైబర్ ఉండగా ఎస్సెమ్మెస్ ఎందుకని కుర్రవాళ్ళు అంటారు. నెట్ ఉన్నన్నాళ్ళూ వైబర్ మంచిదే. కానీ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకున్న తర్వాత ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. ఫిబ్రవరి 4 నుంచి ఫేస్‌బుక్‌ను అడ్డుకున్నారు. 6న దేశమంతటా నెట్ దాదాపు ఆగిపోయినప్పుడు కూడా కాల్స్, ఎస్సెమ్మెస్ నడిచాయి. అందుకే హోటలు మామూలు ఫోన్ నంబరు ప్రతి గదిలో గోడ మీద రాసి ఉండాలి.

చదువు రాని అన్నలను వదిలేయాలని మేము అనడం లేదు. వాళ్ళ వంతు వచ్చిన వారం పక్క మంచం తమ్ముడు రాసి, చదివి వినిపించి, వాళ్ళ ఫోన్ నుంచే పంపాలి. నాలుగు వారాలు అలా చేస్తే అంకెలు వాటంతట అవే వస్తాయి.

చివరగా మర్యాద. ఇక్కడ టీ కొట్టులో కుర్రాణ్ణి పిలవాలంటే పెదవులతో ముద్దు చప్పుడు చేస్తారు. అది వాళ్ళ అలవాటు, తప్పు కాదు. మెసేజ్‌కు ఆ చప్పుడు లేదు, గొంతు లేదు, నవ్వు లేదు. రాసిన మాట కటువుగానే కనబడుతుంది. ముందు "న్యీ లే" అని పెట్టండి, తమ్ముడూ అని అర్థం. వద్దనుకుంటే పొయ్యి మీద పెట్టకముందే చెప్పండి. పార్సిలు తీసుకున్నప్పుడు "చేజూ తిన్ బా దే" అని నోటితోనే చెప్పండి. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఒక్క గదిలో మొదలుపెట్టి చూడండి. నెలాఖరున లెక్కకు వచ్చేటప్పుడు ఫోన్ వెంట తెచ్చుకోండి. మా పుస్తకంలో అంకె మీ ఫోన్‌లో అంకెతో కలవకపోతే, సంతకం పెట్టే ముందే అడగండి.