కీమో ఇచ్చి ఇంటికి పంపాక కిడ్నీల సంగతి ఎవరు చూడాలి?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



మా ఉద్దానం తీరప్రాంతం గురించి మీకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదమిత్థంగా తేలనేలేదు. ఈ తీరంలోనే అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. చుట్ట నిప్పును నోట్లో ఉంచి పీల్చే ఆ అలవాటుకి అంగిలి కాలి, కొందరికి క్యాన్సరవుతుంది. నోటి క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టేటప్పుడు తోడుగా ఇచ్చే ప్రధానమైన మందు సిస్‌ప్లాటిన్. కిడ్నీలను దెబ్బతీయడంలో కీమో మందులన్నిట్లోకీ దానికే పెద్ద పేరు. ఇవన్నీ ఒక్కోసారి ఒకే మనిషి మీద పడుతున్నాయి గనకే ఈ ఉత్తరం.

ఆ మందు వద్దనడం లేదు. వృషణాల క్యాన్సర్ ఇవాళ చాలామందికి నయమవుతోందంటే దాని చలవే. తొలి పరీక్షల్లో కిడ్నీలు పాడవుతున్నాయని దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. ముందూ వెనకా సెలైన్ ధారాళంగా ఎక్కిస్తే చాలామంది తట్టుకుంటారని తెలిశాకే నిలబడింది. 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయినా నేటికీ వాడినవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి కిడ్నీ ఎంతో కొంత దెబ్బతింటోంది. కిడ్నీలోని సన్నటి నాళికల కణాలు రక్తంలోంచి మందును లాక్కుని పోగేసుకుంటాయి, ఆ తర్వాత చచ్చిపోతాయి. మెగ్నీషియం మూత్రంలో పోయి పిక్కలు పట్టేస్తాయి. ఆ దెబ్బ బయటపడేది ఆసుపత్రిలో కాదు. ఇంటికొచ్చాక, వారం పది రోజుల్లో.

మా పెద్దమ్మకి అలాగే అయింది. కీమో ఎక్కించుకుని వచ్చిన మర్నాటి నుంచి వాంతులు. మే నెల ఎండలు. నోరంతా పుండ్లు, గుక్కెడు మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నొప్పి తగ్గడానికి ఊళ్ళో వైద్యుడు రోజూ డైక్లోఫెనాక్ సూది వేశాడు. ఆయన్ని ఏమని అనగలం? ఫైలు తెచ్చి చూపించాం. డోసులూ తేదీలూ ఇంగ్లీషులో ఉన్నాయి; కిడ్నీలకు చేటు చేసే ఇలాంటి నొప్పి సూదులు వద్దన్న ముక్క ఏ భాషలోనూ లేదు. తర్వాతి డోసుకి వెళ్తే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 0.9 నుంచి 2.6కి చేరింది. మందు ఆపేశారు. “గడ్డ తగ్గుతోందన్నారు కదా, ఈ కొత్త జబ్బెక్కడ్నించొచ్చిందిరా?” అని పెద్దమ్మ నన్నడిగింది.

ఆ క్రియాటినిన్ అంకెను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. కిడ్నీల వడపోత సగం పడిపోయేదాకా అది మామూలుగానే కనిపించవచ్చు. తిండి లేక కండ కరిగిన బక్కమనిషిలో మరీ మోసం చేస్తుంది. అందుకే మా ప్రాంతం నుంచి వచ్చేవాళ్ళకి వయసు, బరువు చూసి వడపోత ఎంతుందో లెక్కగట్టాకే మొదటి డోసు వేయాలి. ఎవరికి సిస్‌ప్లాటిన్, ఎవరికి కిడ్నీ మీద భారం తక్కువుండే కార్బోప్లాటిన్ అన్నది డాక్టర్ల నిర్ణయం. ఆ లెక్క తప్పనిసరి చేయడం మీ చేతిలో పని.

వారం వారం చిన్న డోసు ఇచ్చేచోట ప్రతిసారీ రక్తం చూస్తారు. మూడు వారాలకోసారి పెద్ద డోసు ఇచ్చేచోటే మధ్యలో ఎవరూ చూడని రోజులుంటాయి. డోసైన వారానికి పీహెచ్‌సీలో రక్తం తీసి, క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం పరీక్ష చేయించి, ఫలితం కీమో ఇచ్చిన డాక్టరుకి చేరేలా చూడండి. దాని ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ భరించాలి. రోగి చేతికి తెలుగులో ఒక కార్డు ఇవ్వండి. కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అమికాసిన్, జెంటామైసిన్ పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి, క్యాన్సర్ డాక్టరును అడగకుండా ఇవ్వొద్దని ఉండాలి. ఆ కార్డు ఏఎన్ఎం చూడాలి, మందుల షాపువాడూ చూడాలి.

ఇంకొకటి. వాంతులతో సొమ్మసిల్లిన కీమో రోగి వస్తే, పరీక్ష చేసి అక్కడే సెలైన్ మొదలుపెట్టాలని, వచ్చిన దారినే విశాఖ పొమ్మనకూడదని పీహెచ్‌సీ డాక్టర్లకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే వేసవిలోగా.

ఇట్లు,
కవిటి మండల వాసి